పదకొండు చెట్ల పూత

మద్రాసు దగ్గరి అంబత్తూరు తోటలో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు నేను చేసిన మొదటి పని ముక్కు మూసుకోవడం. పెళ్ళయి రెండు నెలలు కాలేదు. ఒంటి మీద కొత్త చీర, పక్కన కొత్త మొగుడు, నెత్తిన పదకొండు మామిడి చెట్ల పూత. మా ఆయన స్టేషన్ దగ్గర కొనిపెట్టిన గోళీసోడా రుచి ఇంకా నాలుక మీదే ఉంది. అంత సంతోషంలో ఎక్కడినుంచో కుళ్ళిన చేపల కంపు!

కిందికొమ్మలకి చిన్న చిన్న గోనె మూటలు వేలాడుతున్నాయి. వాటి చుట్టూ ఈగలు గుంపులు గుంపులుగా ముసురుతున్నాయి. తోటమాలి తంగరాజ్ ఇంకో మూట కడుతున్నాడు. ఇరవై అడుగుల దూరంలో, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మా ఆయన అక్క, మా వదినగారు బాలామణి అజమాయిషీ చేస్తున్నారు.

"ఉల్లిపాయ కూడా తినని మీరు తోటలో ఎండుచేపలు కట్టిస్తున్నారా వదినగారూ?" అన్నాను.

"దాని పేరు చెప్పబాకు. ఆ సరుకు అను, చాలు," అంది వదిన. "మనం తింటామా? చెట్టు తింటాదా? ఈగ తింటాది. ఈగ రాకుంటే పూత ఊరికే పూసి ఊరికే రాలిపోతాది. మా అత్త నేర్పె, నేను చేస్తా ఉండాను. పొద్దుగూకినాక తలకి పోసుకుంటా."

నేను పకపకా నవ్వాను. ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ నవ్వొచ్చేది.

"సరి, ముక్కు మూసుకుంటే మూసుకో. నోరు మాత్రం మూసుకోబాకు," అంది ఆవిడ. "ఈడ నవ్వే మనిషి వచ్చి ఎన్నేళ్ళాయెనో."

పూత కింద నడుస్తుంటే మొహం మీద వాన తుంపరలా ఏవో పడుతున్నాయి. చూస్తే గోధుమగింజంత కూడా లేని పురుగులు, చిటుక్కు చిటుక్కున ఎగురుతున్నాయి. ఆకులన్నీ జిగురు. నా కొత్త చీర భుజం మీద కూడా జిగురే. తేనెమంచు పురుగట. పూతలోని రసం పీల్చేస్తుందట. దానికి వదిన మందు సాయంత్రం పూట పచ్చి వేపాకూ తడిగడ్డీ వేసి పెట్టే పొగ. చెట్ల మొదట్లో వేపపిండి, పేడనీళ్ళు. అంతే.

"ఇన్ని పురుగుల మధ్య పంట ఎలా తీస్తారండీ?"

"వాటికీ పెట్టేసి, మిగిలింది మనం తీసుకుంటాం," అంది వదిన.

తిరుగు రైల్లో మా ఆయన, కోదండపాణి, ఆ తోట సంగతి చెప్పారు. వదినకి పదిహేడేళ్ళకే భర్త పోయాడు. ఆవిడ మామగారు పోతూ పోతూ ఒక దస్తావేజు రాయించారు. మనోవర్తికి బదులుగా ఈ తోట. ఈ పదకొండు చెట్లూ కాసినన్నాళ్ళు ఫలసాయం బాలామణిది. ఏ ఏడు ఒక్క చెట్టుకీ ఒక్క కాయ కూడా లేకుండా పోతుందో, ఆ ఏడు తోట ఆవిడ మరిది నరసింహానికి తిరిగిపోవాలి. ప్రతి ఏడూ ఏప్రిల్లో, చిత్తిరై నెల రాగానే, నరసింహం ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని జార్జి టౌన్ నుంచి వస్తాడు. కొమ్మకున్న కాయని చేత్తో పట్టి చూస్తాడు. వదిన ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

"ఒక్క కాయ కూడా లేకుండా ఎలా పోతుంది? ఒక ఏడు ఈ నాలుగు కాస్తే ఇంకో ఏడు ఆ నాలుగు కాస్తాయి," అన్నారు ఆయన. "నా బి.ఏ. డిగ్రీ ఉందే, అది నేను చదవలేదు. ఆ చెట్లు కాశాయి."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో! అమ్మానాన్నా లేని తమ్ముణ్ణి తోటలో పెట్టుకుని పెంచిన ఆ అక్కకి ఏదైనా చెయ్యాలని, అప్పటికప్పుడు, ఆ రైలు పెట్టెలోనే అనిపించింది. మా నాన్న తెనాలిలో మాస్టారు. నన్ను మద్రాసు హాస్టల్లో పెట్టి బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివించాడు. ఆ చదువు ఇప్పుడు కాకపోతే ఎప్పుడు పనికొస్తుంది?

"ఏమండీ, మీ గోడౌన్లో డి.డి.టి. పొడి ఉంటుందన్నారు కదూ?"

ఆయన జార్జి టౌన్లో విదేశీ మందులు దింపే ఒక కంపెనీలో గుమస్తా. "డబ్బాల కొద్దీ ఉంది. పర్మిట్ లేకుండా ఎవరికీ ఇవ్వరు," అన్నారు.

"ఒక్క డబ్బా. ఆ పురుగులూ పోతాయి, ఈగలూ పోతాయి. వదినగారికి ఆ కంపు బాధ తప్పుతుంది."

ఆయన నా మొహం చూశారు. కొత్త పెళ్ళాం అడిగితే ఆయన ఆ రోజుల్లో హార్బరు క్రేను కూడా తెచ్చి ఇచ్చేవారు.

*

వదిన ఏడాదికి మూడు రోజులు తోట వదిలి వెళుతుంది. భర్త ఆబ్దికానికి, మరిది ఇంటికి. ఆ మూడు రోజుల్లో వచ్చిన ఆదివారం మేమిద్దరం డబ్బా పట్టుకుని, అంబత్తూరు మీదుగా పోయే అరక్కోణం బండి ఎక్కాం.

తంగరాజ్ తల గోక్కున్నాడు. "అమ్మ రానీ సార్. అమ్మని అడిగి చేద్దాం."

"అమ్మ వచ్చేసరికి చూపించాలనే తొందర. నువ్వు నీళ్ళు తోడు," అన్నారు మా ఆయన.

ఆ రోజు నేనెంత సంతోషంగా ఉన్నానో రాయకుండా ఉండలేను. చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కున్నాను. తలకి తువ్వాలు. పక్కతోట వాళ్ళని అడిగి తెచ్చిన పిచికారి పంపు ఆయన కొడుతుంటే, గొట్టం నేను పట్టుకుని పూతంతా తడిపాను. పాలలా తెల్లటి నీళ్ళు. సగం మా మీదే పడ్డాయి. ఆయన మీసాలు తెల్లబడితే "తాతగారూ" అని పిలిచాను. ఆయన నన్ను చెట్టు చుట్టూ తరిమారు. తేనెమంచు పురుగులు నూకల్లా నేల మీద రాలాయి. ఈగలు మూటల కింద నల్లగా కుప్పపడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను. సాయంత్రం ఆ గోనె మూటలన్నీ నేనే కర్రతో దింపి, గుంట తీయించి పూడ్పించాను.

మళ్ళీ ఆదివారం మేము వెళ్ళేసరికి వదిన చెట్ల మధ్య ఊరికే నిలబడి ఉంది.

"ఏమిటి వదినగారూ, వాసన లేదు కదూ?" అన్నాను.

"వాసన లేదు," అంది. చెవి ఒక పక్కకి వంచి ఉంది. "సద్దు కూడా లేదు."

నేను జరిగిందంతా చెప్పాను, మెప్పు కోసం. ఆవిడ ఒక ఆకు తిప్పి వెనక ఉన్న తెల్లమరకని గోటితో గీకింది. చాలాసేపు గోటినే చూసుకుంది.

"మంచికే చేసినావు," అంది చివరికి. "పోయి కాళ్ళు కడుక్కో. పొంగల్ చేసి పెట్టినా."

ఆ మధ్యాహ్నం మా ఆయన నిద్రపోయాక నేను బయటికి వచ్చాను. ఉత్తరపు మూల చెట్టు కింద వదిన ముక్కాలిపీట వేసుకుని నిలబడి ఉంది. చేతిలో కోడి ఈక. పూత గుత్తులని ఒకదాని తర్వాత ఒకటి, పసిపిల్ల చెంప తుడిచినట్టు, ఆ ఈకతో నిమురుతోంది. ఇటు నిమిరి, అటు నిమిరి, మళ్ళీ ఇటు. తంగరాజ్ పక్కచెట్టు మీద అదే పని చేస్తున్నాడు. కొత్త మూటలు కట్టి ఉన్నాయి. వాటి మీద ఒక్క ఈగా లేదు.

కాలేజీలో నేను పువ్వుని నిలువుగా కోసి, అడ్డంగా కోసి, బొమ్మ వేసి, భాగాలు గుర్తించి నూటికి డెబ్భై మార్కులు తెచ్చుకున్నాను. పుప్పొడి తేనెటీగలు మోస్తాయని రాశాను. మామిడికి ఎవరు మోస్తారో ఏ పరీక్షలోనూ అడగలేదు. ఆ ఈకని చూశాక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మోసే ఈగలన్నిటినీ చంపింది నేనే.

"వదినగారూ..."

"వచ్చితివా? ఇంకో ఈక ఉండాది, ఆడ గూట్లో. కిందికొమ్మలు నువ్వు చూడు."

ఇద్దరం పొద్దుగూకేదాకా నిమిరాం. ఒక చెట్టుకి కొన్ని వేల గుత్తులుంటాయి. ఒక గుత్తికి కొన్ని వందల పూలు. మేము ఆ రోజు రెండు కొమ్మలు పూర్తి చేశాం.

*

మార్చి నడుమ, మాసి నెల దాటేసరికి పూత గుత్తులన్నీ నల్లటి పుల్లలయ్యాయి. గాలి వీస్తే గలగలా రాలేవి. ఒక్క ఉత్తరపు చెట్టుకి, ఈకతో నిమిరిన కొమ్మకి, బఠాణీ గింజంత పిందెలు ఏడు కట్టాయి. ఆ తర్వాతి పంగుని నెల సగమయ్యేసరికి మూడు. ఆ తర్వాత ఒకటి.

ఆ పంగునిలోనే మా ఆయన ఒకరోజు ఆఫీసు నుంచి నీరసంగా వచ్చారు. గోడౌన్లో సరుకు సరిచూశారట. ఒక డబ్బా తక్కువ. "ఎవడో గాని దొరికితే ఇంటికి పంపేస్తామని హెడ్ గుమస్తా కామేశంగారు అందరి ముందూ అన్నారు," అన్నారు. కాసేపటికి తేలిగ్గా నవ్వేశారు. "ఎలా దొరుకుతుందిలే! డబ్బా ఎప్పుడో పాతసామానువాడికి వేసేశాం." ఆయనకి అలా నవ్వడం వచ్చు. అందుకే నాకు ఆయనంటే అంత ఇది.

ఆ ఒక్క కాయ నిమ్మకాయంత అయింది. నేను దానికి పాత రవికగుడ్డతో సంచి కుట్టి తొడిగాను. ఉడతలు రాకుండా తంగరాజ్ కొమ్మకి ముళ్ళకంప చుట్టాడు. ప్రతి ఆదివారం వెళ్ళగానే నేను ముందు దాన్ని పలకరించేదాన్ని. "బాగున్నావా తల్లీ?" అనేదాన్ని. మద్రాసులో ఇంకే మనిషి కోసమూ నేనంతగా మొక్కుకోలేదు.

నరసింహం వస్తానన్న రోజుకి నాలుగు రోజుల ముందు, ఏ గాలీ లేకుండా, అది సంచిలోనే తొడిమ ఊడి పడిపోయింది. వదిన సంచి విప్పి, కాయని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. పురసవాక్కంలో మా ఇంటి నుంచి నేను ముందుగానే సాయం వచ్చి ఉన్నాను.

"వదినగారూ, దారంతో కట్టేద్దాం! ఆకులు అడ్డం పెడదాం. ఎవరికి తెలుస్తుంది?"

వదిన నా వంక చూసి పెద్దగా నవ్వింది. ఆ వేసవిలో ఆవిడ నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. "నరసింహం పట్టి చూస్తాడే పిచ్చిదానా! చేతిలోకి ఊడి వస్తే? 'ఏమబ్బా, కాయ మాగిపొయ్యింది' అనాల్నా?"

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆ కాయని తరిగి పప్పులో వేసింది.

*

నరసింహం బక్కపలచటి మనిషి. చెడ్డవాడేమీ కాదు. చేతిలో దస్తావేజు ఉన్న తోలుసంచీ. వెంట వచ్చిన పెద్దమనిషిని చూడగానే గుర్తుపట్టాను. మా ఇంట్లో గోడకి వేలాడే మా ఆయన ఆఫీసు గ్రూప్ ఫోటోలో, మధ్య కుర్చీలో కూర్చున్న ఆయనే. కామేశంగారు. నరసింహం భార్య తరఫు బంధువట.

"మన కోదండపాణి అక్కగారి తోట ఇదేనా!" అన్నారాయన సంబరంగా. "మంచి కుర్రాడమ్మా. వచ్చే ఏడు సీనియర్ని చేద్దామని ఉంది."

మా ఆయన ఆ పూట ఆఫీసులో ఉన్నారు. అది మంగళవారం.

ముగ్గురూ చెట్టు చెట్టూ తిరిగారు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెనకాలే నడిచాను. పదకొండో చెట్టు దగ్గర నరసింహం ఆగి, పైకి చూసి, చెయ్యి ఎత్తబోయి దించేసుకున్నాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఏంది వదినా ఇది? ఇట్ట ఎన్నడూ లేదే," అన్నాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది.

కామేశంగారు దస్తావేజు విప్పి కళ్ళజోడు సవరించుకున్నారు. "తొందరపడకు నరసింహం. ఇందులో ఇంకో మాట ఉంది. పరుల చేతి వల్ల కాపు చెడితే మరుసటి ఏటి దాకా ఆగవలసినది, అని. చూడమ్మా బాలామణీ. చెట్లు ముదిరి కాపు మానేస్తే అది వేరు. ఎవరైనా ఏమైనా చేశారా? చెబితే ఇక్కడే, ఇప్పుడే, ఆగమంటాను."

అంటూ ఆయన దగ్గరి కొమ్మ వంచారు. ఆకు వెనక తెల్లమరక. వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇదేమిటి? మా గోడౌన్ వాసనలా ఉందే?"

నేను నోరు తెరవాలి. 'నేనే' అంటే చాలు. ఆ తర్వాత డబ్బా ఎక్కడిదని అడుగుతారు. నేను గ్లాసుల మీదున్న నురగని చూస్తూ నిలబడ్డాను.

"సున్నం," అంది వదిన. "చీమలు జాస్తిగా ఉంటే తంగరాజ్ చేత కొట్టిస్తి. దాంట్లో ఏందో కలిపె వాడు."

తంగరాజ్ దూరంగా నిలబడి తల వంచుకున్నాడు.

"మరి కాపు?"

వదిన పదకొండో చెట్టు మాను మీద చెయ్యి వేసింది. "చెట్లు ముసలివైపొయ్యినాయి," అంది. "మీ నాయన నాటి నలభై ఏండ్లు దాటలేదా నరసింహం? నాకు రెండు మూడేండ్లుగా తెలస్తానే ఉండాది. ఇంక కాయవు."

కామేశంగారు కాగితం మడిచేశారు. నేను కాఫీ ఇచ్చాను. నరసింహం "చక్కెర సరిపోయింది అమ్మాయ్" అన్నాడు.

*

జూన్ చివర, ఆని నెలలో, వదిన రెండు ట్రంకు పెట్టెలతో పురసవాక్కం వచ్చేసింది. మా మేడ మీద వంటింటి పక్కన ఉన్న చిన్నగది ఆవిడదైంది. మా ఆయనకి అక్క వచ్చిందని పట్టరాని సంతోషం. "పోనీలే అక్కా, ముసలి చెట్లకి ఎన్నాళ్ళు చాకిరీ చేస్తావు? చెల్లెలి లాంటి మరదలుంది, హాయిగా కూర్చో," అన్నారు.

వదిన హాయిగానే కూర్చుంది. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి కుళాయి దగ్గర బిందె పెట్టేది. కింద వాటాలో ఉండే లూర్దుమేరితో అరవంలో పోట్లాడి గెలిచేది. నాకు చింతకాయ పచ్చడి నేర్పింది. సందులోకి మామిడిపళ్ళ బండి వస్తే మాత్రం బేరం ఆడేది కాదు. ఒక పండు తీసుకుని వాసన చూసి, ఉన్నచోటే పెట్టేసి లోపలికి వచ్చేది.

నాకూ ఆయనకీ ఆ ఏడంతా సంతోషమే. ఆదివారాలు మెరీనాలో పల్లీలు. ఆయనకి సీనియర్ గుమస్తా ఉద్యోగం కూడా వచ్చింది. నేను దేనికో నవ్వుతుంటే వంటింట్లోంచి వదిన కూడా నవ్వేది. అప్పుడు నా నవ్వు సగంలో ఆగిపోయేది.

సంక్రాంతితో మళ్ళీ తై నెల వచ్చింది. ఒక సాయంత్రం తంగరాజ్ వచ్చాడు. ఇప్పుడతను నరసింహం దగ్గర పని చేస్తున్నాడు. గడప బయటే కూర్చుని నీళ్ళు తాగాడు.

"తోటంతా పూసింది అమ్మా," అన్నాడు.

"ఎన్ని చెట్లు?" అంది వదిన.

"ఎల్లామే అమ్మా. పదకొండూ. ఆకు కనబడలే." గ్లాసు కింద పెట్టి, "ఆయనకి ఆ మూట సంగతి చెప్పాలా, వద్దా?" అని అడిగాడు.

"చెప్పకపోతే ఎట్ట? పోయి కట్టు. గాలి తిరిగే వైపు కట్టు," అంది వదిన.

అతను వెళ్ళిపోయాక ఆవిడ అక్కడే గడప దగ్గర కూర్చుండిపోయింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. డబ్బా సంగతి బయటపడుతుందనే ఆ రోజు నోరు మెదపలేదని, ఏడాదిగా దాచుకున్నది చెప్పేశాను. నా ఏడుపులో మాటలు ఆవిడకి ఎన్ని అర్థమయ్యాయో తెలియదు.

"తెలుసులే," అంది. "దాంట్లో కొత్తేముండాది?"

"ఆ రోజు నేను చెప్పుంటే తోట మీకుండేది వదినా."

ఆవిడ "లేదులే" అంటుందనుకున్నాను. అనలేదు.

"ఉండేది," అంది. "వాడి పని పొయ్యుండేది. ఏది పోవాల్నో నాకు తెలిసి నేనే చెప్తి. దానికి నేను ఏడవలా." వేళ్ళతో గడప మీది ముగ్గు పొడి తుడుస్తూ ఉంది. "నువ్వు మాట్లాడాల్నని కూడా నేను అనుకోలా. ఊరికే ఒకసారి నా వంక చూస్తావేమోనని చూస్తిని. నా చెట్లని ముసలివని నా నోటితో చెప్తా ఉంటే, కాదని తెలిసిన మనిషి ఒకరు ఈడ ఉండారని. అంతే."

మెట్ల మీద మా ఆయన బూట్ల చప్పుడు వినబడింది. రెండేసి మెట్లు ఎక్కుతున్నారు, ఏదో పాట ఈల వేస్తున్నారు.

వదిన తన కొంగుతో నా మొహం తుడిచింది.

"ఏడవబాకు. వాడొస్తా ఉండాడు. వాడికి అవి ముసలి చెట్లుగానే ఉండనీ."